ఆఫ్ చేయలేని బ్యాటరీ: పాత కారును విద్యుత్ కారుగా మార్చేటప్పుడు హై వోల్టేజి వైరింగు, పరీక్షలు

ఒక షెడ్డులో పాత మారుతి 800 కారు ఉందనుకుందాం. ఇంజిను, పెట్రోలు ట్యాంకు, సైలెన్సరు తీసేశారు. ఇంజిను స్థానంలో మోటారు బిగించారు. వెనుక డిక్కీలో 45 లిథియం సెల్స్ పేర్చారు. ఇక మిగిలింది వైరింగు. ఆ పనికి ఇద్దరిని పిలిచారు. ఒకరు పాతికేళ్లుగా ఇళ్లకు వైరింగు చేస్తున్న ఎలక్ట్రీషియన్. మరొకరు అంతే కాలంగా కార్ల వైరింగు చూస్తున్న ఆటో ఎలక్ట్రీషియన్. ఇద్దరూ పనిమంతులే. కానీ ఇద్దరి చేతులకూ అలవాటైన పద్ధతులు ఈ కారులో ప్రమాదం తెచ్చిపెట్టగలవు.

ఇంటి ఎలక్ట్రీషియన్ పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆపేస్తాడు. అంతటితో ఇంట్లో కరెంటు ఉండదని అతని ధీమా. ఆటో ఎలక్ట్రీషియన్‌కు కారు బాడీయే నెగటివ్ తీగ. ఉన్నది 12 వోల్టులే కాబట్టి టెర్మినల్‌ను ఒట్టి చేత్తో పట్టుకోవడానికి వెనుకాడడు. విద్యుత్ కారులో ఈ రెండూ చెల్లవు. దాని బ్యాటరీని ఏ స్విచ్చుతోనూ ఆపలేం. స్విచ్చుకు అవతల ఉన్న తీగల్లో మాత్రమే కరెంటు ఆగుతుంది, సెల్స్ మధ్య వోల్టేజి అలాగే ఉంటుంది. ఇక కారు బాడీ ఈ సర్క్యూట్‌లో ఎప్పటికీ భాగం కాకూడదు. హై వోల్టేజి వైరింగులోని జాగ్రత్తలన్నీ దాదాపుగా ఈ రెండు విషయాల నుంచే పుట్టాయి.

60 వోల్టుల గీత

వాహనాల విషయంలో 'హై వోల్టేజి' అన్న మాటకు కచ్చితమైన అర్థం ఉంది. డీసీ అయితే 60 వోల్టులు, ఏసీ అయితే 30 వోల్టులు దాటితే అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఆ సర్క్యూట్‌కు ప్రత్యేక రక్షణ ఉండాలి. కేబుళ్లు నారింజ రంగులో ఉండాలన్న నియమం కూడా ఇక్కడి నుంచే వర్తిస్తుంది. బెంగళూరులో తయారై 2001లో మార్కెట్‌లోకి వచ్చిన రేవా కారు 48 వోల్టులతో నడిచేది. నేటి ఈ-రిక్షాల్లోనూ సాధారణంగా 48 వోల్టులే. అవి ఈ గీతకు దిగువన ఉన్నాయి.

మరి వోల్టేజి పెంచడం ఎందుకు? 20 కిలోవాట్ల శక్తి కావాలంటే 48 వోల్టుల దగ్గర సుమారు 417 ఆంపియర్లు ప్రవహించాలి. 144 వోల్టుల దగ్గర 139 ఆంపియర్లు చాలు. తీగల్లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు మూడో వంతుకు తగ్గితే అదే తీగలో వేడి తొమ్మిదో వంతుకు తగ్గుతుంది. అందుకే కారు బరువు, వేగం పెరిగేకొద్దీ డిజైనర్లు ఎక్కువ వోల్టేజి వైపు మొగ్గుతారు.

మన ఉదాహరణలోని 45 సెల్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానివి. ఒక్కో సెల్ నామమాత్రపు వోల్టేజి 3.2 చొప్పున మొత్తం 144 వోల్టులు. పూర్తిగా చార్జ్ చేస్తే ఒక్కోటి 3.65 వోల్టులకు చేరుతుంది కాబట్టి మొత్తం 164 వోల్టులు దాటుతుంది. చెమట పట్టిన చేతుల మధ్య శరీర నిరోధం 1000 ఓమ్‌లు అనుకుంటే, 144 వోల్టుల వల్ల ఒంట్లోంచి 144 మిల్లీఆంపియర్లు పోతాయి. కొన్ని పదుల మిల్లీఆంపియర్లకే కండరాలు బిగుసుకుని పట్టు వదలడం కష్టమవుతుంది.

సెల్స్‌ను కలిపే క్రమం

సెల్స్‌ను ఒకదాని తర్వాత ఒకటి రాగి పట్టీలతో కలుపుతూ వెళ్తే 19వ సెల్ దగ్గర 60 వోల్టుల గీత దాటేస్తాం. అక్కడ గంట మోగదు, దీపం వెలగదు. ఒకటో సెల్ దగ్గర ఎలా పనిచేశామో 40వ సెల్ దగ్గరా అలాగే చేస్తుంటాం. ప్రమాదం ఆ అలవాటులోనే ఉంది.

దీనికి మంచి ఉపాయం, 45 సెల్స్‌ను 15 చొప్పున మూడు గుంపులుగా విడగొట్టడం. ఒక్కో గుంపు 48 వోల్టులు. పూర్తిగా చార్జ్ అయినా 55 వోల్టులు మించదు. గుంపుల మధ్య ఉండే రెండు లింకులను ఊడదీయడానికి వీలుగా ఉంచి, మిగతా వైరింగంతా పూర్తయ్యాక చివరగా బిగిస్తారు. తర్వాత ఎప్పుడు మరమ్మతుకు తెరిచినా మొదట ఆ రెండు లింకులే తీస్తారు. బ్యాటరీని ఆపలేకపోయినా, దాన్ని ప్రమాదం తక్కువ ముక్కలుగా విడగొట్టవచ్చు.

షాక్ ఒక్కటే ప్రమాదం కాదు. ఒక్కో సెల్ అంతర్నిరోధం అర మిల్లీఓమ్ అనుకుంటే 45 సెల్స్‌కు 22.5 మిల్లీఓమ్‌లు. పట్టీలు, తీగలు కలిపి 30 మిల్లీఓమ్‌లు అనుకుందాం. పాజిటివ్, నెగటివ్ టెర్మినళ్ల మీద పొరపాటున ఒక స్పానర్ పడితే 144ను 0.03తో భాగించాలి: 4800 ఆంపియర్లు. ఆ కరెంటుకు స్పానర్ అంచు క్షణంలో కరిగి చిమ్ముతుంది. రెండు సెల్స్ మధ్య షార్ట్ అయినా కరెంటు ఇంచుమించు అదే స్థాయిలో ఉంటుంది, ఎందుకంటే అక్కడ వోల్టేజితో పాటు నిరోధమూ తగ్గుతుంది. అందుకే ఉంగరం, గాజులు, చేతి గడియారం, మెడలో గొలుసు తీసేశాకే సెల్స్ దగ్గరికి వెళ్లాలి. స్పానర్ల పిడులకు ఇన్సులేషన్ ఉండాలి. పని జరగని సెల్స్‌ను ప్లాస్టిక్ లేదా రబ్బరు షీటుతో కప్పి ఉంచాలి.

ఆరని నిప్పు

ఇంట్లో స్విచ్ వేసినప్పుడు, తీసినప్పుడు చిన్న మెరుపు కనిపించి మాయమవుతుంది. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ ఏసీ. సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది. సున్నాకు వచ్చిన ప్రతిసారీ మెరుపు ఆరిపోవడానికి అవకాశం దొరుకుతుంది. డీసీలో సున్నా రాదు. రెండు లోహపు ముక్కలు విడిపోయేటప్పుడు వాటి మధ్య గాలి వేడెక్కి, విద్యుత్తును మోసే ప్లాస్మాగా మారుతుంది. మొనలు తగినంత దూరం జరిగేదాకా ఆ ఆర్క్ మండుతూనే ఉంటుంది.

అందువల్ల ఇంటికి వాడే ఎంసీబీని, 250 వోల్టుల ఏసీ ఫ్యూజును తెచ్చి ఇక్కడ పెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. లోపలి తీగ కరిగినా ఆర్క్ ద్వారా కరెంటు ప్రవహిస్తూనే ఉండవచ్చు. డీసీ ఫ్యూజులో తీగ చుట్టూ సన్నని ఇసుక నింపుతారు. ఆర్క్ వేడికి ఇసుక కరిగి గాజులా మారి మంటను మింగేస్తుంది. కాంటాక్టర్ అనే పెద్ద రిలేలో అయస్కాంతాలు ఆర్క్‌ను పక్కకు లాగి సాగదీసి తెంపుతాయి. కొన్ని కాంటాక్టర్లలో ఇది ఒక దిశ కరెంటుకే పనిచేస్తుంది. వాటిని పాజిటివ్, నెగటివ్ తారుమారు చేసి బిగిస్తే ఆర్క్ తప్పు వైపుకు వెళ్తుంది. వాటి మీద ఉండే ప్లస్ గుర్తును పట్టించుకోవాలి.

ఫ్యూజు ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. బ్యాటరీ డిక్కీలో, ఫ్యూజు బానెట్ కింద ఉంటే, మధ్యలో కారు పొడవునా నడిచే కేబుల్‌కు రక్షణ లేనట్టే. ఫ్యూజు బ్యాటరీకి ఆనుకునే ఉండాలి. బ్యాటరీని రెండు చోట్ల పెడితే రెండు చోట్లా ఫ్యూజు ఉండాలి.

ఖాళీ కెపాసిటర్

మోటారును నడిపే కంట్రోలర్ లోపల పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. ఉదాహరణకు 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను తీసుకుందాం. ఖాళీగా ఉన్న కెపాసిటర్‌ను నేరుగా బ్యాటరీకి కలిపితే మొదటి క్షణంలో అది షార్ట్ సర్క్యూట్‌లాగే ప్రవర్తిస్తుంది. వేల ఆంపియర్లు ఒక్క ఉదుటున దూసుకెళ్లి కాంటాక్టర్ మొనలను వెల్డింగ్ చేసినట్టు అతికించేయగలవు. అతుక్కున్న సంగతి బయటికి తెలియదు. కారు మామూలుగానే నడుస్తుంది. తాళం తిప్పి తీసేశాక కూడా హై వోల్టేజి కేబుళ్లలో కరెంటు అలాగే ఉంటుంది.

దీన్ని నివారించడానికి మెయిన్ కాంటాక్టర్ కంటే ముందు ఒక చిన్న రిలే ద్వారా, నిరోధకం గుండా కెపాసిటర్‌ను నింపుతారు. దీన్నే ప్రీచార్జ్ అంటారు. 100 ఓమ్‌ల నిరోధకం వాడితే మొదటి కరెంటు 1.44 ఆంపియర్లు మాత్రమే. అర సెకనులో కెపాసిటర్ 99 శాతం నిండుతుంది. అప్పుడు మెయిన్ కాంటాక్టర్ మూసుకుంటే మొనల మధ్య తేడా ఒకటి రెండు వోల్టులే.

ఇందులో ఆసక్తికరమైన భౌతికశాస్త్రం ఒకటుంది. కెపాసిటర్‌లో చేరే శక్తి సుమారు 10.4 జౌళ్లు. నింపే క్రమంలో నిరోధకంలో వేడిగా పోయేదీ సరిగ్గా అంతే. నిరోధకం 10 ఓమ్‌లైనా 1000 ఓమ్‌లైనా ఆ శక్తి మారదు. అది ఎంత సేపట్లో ఖర్చవుతుందన్నదే మారుతుంది. అందుకే చిన్న సైజు నిరోధకం అర సెకను పాటు తట్టుకుంటుంది కానీ, అవతల ఎక్కడైనా షార్ట్ ఉంటే నిమిషంలోపే మాడిపోతుంది. మంచి ప్రీచార్జ్ సర్క్యూట్ కెపాసిటర్ వోల్టేజిని కొలుస్తుంది. అనుకున్న సమయంలో అది పెరగకపోతే మెయిన్ కాంటాక్టర్‌ను మూయనివ్వదు.

కారు ఆపాక ఆ కెపాసిటర్ ఖాళీ కావడానికీ దారి ఉండాలి. దానికి అడ్డంగా 10 వేల ఓమ్‌ల నిరోధకం ఉంటే 144 నుంచి 60 వోల్టులకు దిగడానికి సుమారు 9 సెకన్లు పడుతుంది. ఆ నిరోధకం మాడిపోతే కెపాసిటర్ చాలాసేపు నిండే ఉంటుంది. అది పనిచేస్తోందో లేదో చూసి చెప్పలేం. మీటరుతో కొలవాల్సిందే.

తీగ మీద పక్షి

ఒకే తీగ మీద వాలిన పక్షికి షాక్ కొట్టదు. కరెంటు దాని ఒంట్లోంచి వెళ్లి తిరిగి రావడానికి మరో దారి లేదు. విద్యుత్ కారు హై వోల్టేజి వ్యవస్థను కూడా ఈ సూత్రం మీదే కడతారు. పాజిటివ్ గానీ నెగటివ్ గానీ కారు బాడీకి తగలదు. అందువల్ల పొరపాటున ఎవరైనా బాడీని, ఒక టెర్మినల్‌ను తాకినా సర్క్యూట్ పూర్తికాదు.

ఇప్పుడు ఒక కేబుల్ బాడీ రంధ్రం అంచుకు రాసుకుని, పాజిటివ్ తీగ ఇన్సులేషన్ తెగిందనుకోండి. ఏమీ జరగదు. ఫ్యూజు పోదు, కారు ఆగదు. కానీ బాడీ మొత్తం పాజిటివ్ అయిపోయింది. ఇంట్లోనైతే ఇలాంటి లీకేజీని ఆర్‌సీసీబీ పసిగట్టి కరెంటు తెంపుతుంది, ఎందుకంటే అక్కడ సరఫరా న్యూట్రల్‌ను భూమికి కలిపి ఉంచుతారు. ఇక్కడ ఆ దారి లేదు. మొదటి లోపం మౌనంగా ఉంటుంది. బాడీని ఆనుకుని నెగటివ్‌ను తాకే మనిషే రెండో లోపం.

ఆ మౌనాన్ని ఛేదించడానికే ఇన్సులేషన్ నిరోధాన్ని కొలుస్తారు. ప్రమాణాల ప్రకారం డీసీ సర్క్యూట్‌కు ప్రతి వోల్టుకు కనీసం 100 ఓమ్‌లు, ఏసీ కూడా కలిసి ఉంటే 500 ఓమ్‌లు ఉండాలి. వోల్టుకు 500 ఓమ్‌లంటే లీకేజీ కరెంటు 2 మిల్లీఆంపియర్లు మించదని అర్థం. మన 144 వోల్టుల కారుకు ఇది 72 వేల ఓమ్‌లు.

కొలిచే పద్ధతి సులువైన లెక్కే. బాడీకి, నెగటివ్‌కు మధ్య మీటరు 96 వోల్టులు చూపిందనుకుందాం. ఇప్పుడు ఆ రెండింటి మధ్యే 72 వేల ఓమ్‌ల నిరోధకం పెట్టి మళ్లీ కొలిస్తే 24 వోల్టులు వచ్చింది. అంటే 96లో 24 మన నిరోధకం మీద, మిగతా 72 లీకేజీ దారి మీద పడ్డాయి. లీకేజీ దారి నిరోధం మన నిరోధకానికి మూడు రెట్లు: 2 లక్షల 16 వేల ఓమ్‌లు, అంటే వోల్టుకు 1500. ప్రమాణానికి లోబడే ఉంది. లీకేజీ సెల్స్ దగ్గర ఒకే చోట ఉంటే అది ఎక్కడుందో కూడా మొదటి అంకె చెబుతుంది. 144లో 96 అంటే మూడింట రెండు వంతులు; నెగటివ్ వైపు నుంచి లెక్కపెడితే 30వ సెల్ పరిసరాల్లో వెతకాలి.

ఈ అంకె రోజూ ఒకేలా ఉండదు. బ్రష్‌లున్న డీసీ మోటారులో కార్బన్ పొడి పేరుకుంటే తగ్గుతుంది. వానాకాలంలో బురద, తేమ చేరితే తగ్గుతుంది. ఎండలో పాసైన కారును తడిశాక కూడా కొలవాలి.

బలహీనమైన జాయింటు

50 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 6 మీటర్లకు నిరోధం సుమారు 2 మిల్లీఓమ్‌లు. 200 ఆంపియర్ల దగ్గర అందులో 80 వాట్ల వేడి పుడుతుంది. 6 మీటర్ల పొడవునా పరచుకోవడం వల్ల అది చేతికి గోరువెచ్చగా తగులుతుందంతే. సరిగా నొక్కని ఒక్క లగ్గు నిరోధం 1 మిల్లీఓమ్ అయినా 40 వాట్లు బొటనవేలంత చోట పుడతాయి. ఇన్సులేషన్ కరగడానికి అది చాలు. అందుకే లగ్గులను సుత్తితో కొట్టి కాకుండా సరైన డై ఉన్న హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్‌తో నొక్కుతారు. బోల్టులను తయారీదారు చెప్పిన టార్క్‌కు బిగించి, తల మీద పెయింటుతో గీత గీస్తారు. గీత పక్కకు జరిగితే బోల్టు వదులైనట్టు.

పరీక్షల వరుస

వైరింగు అయ్యాక నేరుగా తాళం తిప్పడం కాదు. తప్పు బయటపడినా నష్టం తక్కువగా ఉండేలా ఒక్కో మెట్టు ఎక్కాలి.

మొదట గుంపుల లింకులు బిగించకుండానే 12 వోల్టుల సర్క్యూట్‌ను మాత్రమే నడిపి చూస్తారు. తాళం, ఎమర్జెన్సీ బటన్, రిలేలు, కాంటాక్టర్లు అనుకున్న వరుసలో పనిచేస్తున్నాయా? కాంటాక్టర్ టక్కుమన్న చప్పుడు సరిపోదు. మొనలు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో మీటరుతో చూడాలి.

రెండోది, కేబుళ్ల ఇన్సులేషన్‌ను 500 వోల్టుల మెగ్గర్‌తో పరీక్షించడం. అంతకుముందే సెల్స్, వాటిని పర్యవేక్షించే బీఎంఎస్, కంట్రోలర్, చార్జర్ అన్నిటినీ వేరు చేయాలి, లేకపోతే మెగ్గర్ వోల్టేజికి అవే దెబ్బతింటాయి. కొత్త కేబుళ్లు పదుల మెగాఓమ్‌లు, అంతకంటే ఎక్కువే చూపాలి.

మూడో మెట్టులో ఇంటి ఎలక్ట్రీషియన్‌కు బాగా తెలిసిన సిరీస్ బల్బు పనికొస్తుంది. బ్యాటరీకి, కంట్రోలర్‌కు మధ్య 100 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు పెడతారు. అంతా సరిగా ఉంటే బల్బు ఒక్కసారి మినుకుమని ఆరిపోతుంది. అంటే కెపాసిటర్ నిండింది. వెలుగుతూనే ఉంటే అవతల షార్ట్ ఉంది. వేడెక్కిన ఫిలమెంట్ నిరోధం వందల ఓమ్‌లకు చేరుతుంది కాబట్టి వేల ఆంపియర్ల ప్రమాదం ఒక బల్బు వెలుగుగా మిగిలిపోతుంది.

ఆ తర్వాతే ఇన్సులేషన్ లెక్క, ప్రీచార్జ్ సమయం చూస్తారు. చివరగా చక్రాలను జాకీల మీద లేపి మోటారును తిప్పుతారు. తాళం తీశాక కంట్రోలర్ వైపు వోల్టేజి దిగిపోతోందా అన్నది ప్రతిసారీ చూడాలి. దిగకపోతే కాంటాక్టర్ అతుక్కుందన్న అనుమానంతోనే ముందుకెళ్లాలి.

మరమ్మతుకు తెరిచినప్పుడు మూడు అంచెల పద్ధతి పాటించాలి. ముందు మీటరును తెలిసిన బ్యాటరీ మీద పెట్టి పనిచేస్తోందని చూడాలి. తర్వాత మనం తాకబోయే చోట కొలవాలి. మళ్లీ తెలిసిన బ్యాటరీ మీద పెట్టి చూడాలి. మధ్యలో మీటరే పాడైతే అది చూపిన సున్నాకు విలువ లేదు. మీటరు తీగ 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండిపోతే వోల్టేజి కొలవబోయి బ్యాటరీని షార్ట్ చేసినట్టే. చేతులకు క్లాస్ 0 రబ్బరు గ్లౌజులు, పైన తోలు గ్లౌజులు ఉండాలి. వాడే ముందు గ్లౌజును చుట్టి గాలి బిగించి చూస్తే సూది బెజ్జం కూడా బయటపడుతుంది. ఒంటరిగా ఈ పని చేయకూడదు. పక్కన ఉన్న మనిషికి కరెంటు ఎలా తెంపాలో, గుండె ఆగితే సీపీఆర్ ఎలా చేయాలో తెలిసి ఉండాలి.

రోడ్డెక్కాలంటే

మన దేశంలో ఇలా మార్చిన కారును సొంతంగా రోడ్డెక్కించడానికి వీల్లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం వాహనంలో మార్పులకు అనుమతి తప్పనిసరి. విద్యుత్ మార్పిడి కిట్లకు ఏఐఎస్-123 అనే ప్రమాణం ఉంది. పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి సంస్థలు కిట్‌ను పరీక్షించి ఆమోదించాలి. బిగించాక ఆర్టీఓ కార్యాలయం ఆర్‌సీలో మార్పు నమోదు చేయాలి. పైన చెప్పిన పరీక్షల వెనుక ఉన్న శాస్త్రమే ఈ నిబంధనల వెనుకా ఉంది.

మళ్లీ మన షెడ్డుకు వద్దాం. ఆ ఇద్దరినీ వెనక్కి పంపాల్సిన పనిలేదు. కారు కుదుపులకు ఏ తీగ ఎక్కడ రాసుకుంటుందో, వాన నీళ్లు ఎటునుంచి లోపలికి వస్తాయో ఆటో ఎలక్ట్రీషియన్‌కు తెలిసినంతగా మరొకరికి తెలియదు. టెస్టర్ పెట్టి చూడకుండా తీగను ముట్టుకోకూడదని ఇంటి ఎలక్ట్రీషియన్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకరు తమ బాడీ ఎర్త్‌ను, మరొకరు తమ మెయిన్ స్విచ్చును షెడ్డు గుమ్మం బయట వదిలిపెట్టి లోపలికి వస్తే చాలు.